పన్ను బకాయి రాజీ: జనం చూడగల కాగితం ఏది, చూడలేనిది ఏది?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేసి, సారాంశం ఇస్తున్నాం.

ఆవిడ భర్త ఒక స్నేహితుడితో కలిసి రెస్టారెంటు నడిపారు. వ్యాపారం కుంటుపడినప్పుడు పనివాళ్ళ జీతాల్లోంచి పట్టుకున్న పన్నును ప్రభుత్వానికి కట్టకుండా అద్దెకూ సరుకులకూ వాడేశారు. రెస్టారెంటు మూతపడింది, భాగస్వామితో మాటల్లేవు, ఆపైన భర్తకు బైపాస్ ఆపరేషన్ అయింది. జీతాల పన్ను బాకీ ఆయన ఒక్కరి పేరు మీద వచ్చి పడింది. దంపతులు కలిపి వేసిన రిటర్నుల మీద ఇంకో రెండేళ్ళ బాకీ ఉంది. వడ్డీ, జరిమానాలతో అమెరికా కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు మొత్తం లక్షా 38 వేల డాలర్లు. కాలిఫోర్నియా రాష్ట్రానికి మరో 9 వేలు. అలమీడా కౌంటీలో ఐఆర్‌ఎస్ ఇప్పటికే లీను (బాకీ తీరేదాకా ఆస్తుల మీద ప్రభుత్వానికి ఉండే హక్కు) నమోదు చేసింది. ఉండేది అద్దె ఇంట్లో. ఆవిడది డేకేర్‌లో ఉద్యోగం, ఆయన ఇప్పుడు ఒక దుకాణంలో చేస్తున్నారు. ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలనుకుంటున్నారు.

తెలిసిన తెలుగు ట్యాక్స్ ప్రిపేరర్ ఒకాయన ‘ఆఫర్ ఇన్ కాంప్రమైజ్’ (బాకీలో కొంత కట్టి మిగతాది వదిలేయమని అడిగే రాజీ) కాగితాలు సిద్ధం చేస్తున్నారు. 13,500 డాలర్లకు రాజీ అడుగుదామంటున్నారు. హైదరాబాదులోని అన్నయ్య 15 వేల డాలర్లు అప్పు ఇస్తానన్నారు. తెనాలి దగ్గర మామగారి నుంచి వచ్చిన పొలంలో భర్తకు మూడో వంతు వాటా ఉంది. అన్నదమ్ముల మధ్య ఇంకా పంపకాలు కాలేదు. ఆ వాటా విలువ 35 లక్షల రూపాయలు, అంటే సుమారు 40 వేల డాలర్లు. “అది రాయకపోతే ఎవరికీ తెలీదు, రాస్తే అందరికీ తెలిసిపోతుంది” అని ప్రిపేరర్ అన్నారట. ఈలోగా తెలుగువాళ్ళ పార్టీలో ఎవరో “రాజీ చేసుకున్నవాళ్ళ ఫైళ్ళు జనం చూడొచ్చు” అన్నారు. అప్పటి నుంచి ఆవిడకు నిద్ర లేదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. పాత భాగస్వామి ఆ కాగితం తెప్పించి నలుగురికీ పంచుతాడేమోనని భయం. అన్నయ్య మాత్రం “రాజీ వద్దు, గుట్టుగా నెలనెలా కట్టుకోండి” అంటున్నారు. ఏం చేయాలి, పేరు బయటికి రాకుండా ఉండే దారి ఉందా, ఆయన ఆపరేషన్ కాగితాలు, పొలం వివరాలు కూడా ఆ ఫైల్లో ఉంటాయా అని అడిగారు.

మా సమాధానం:

మీరు విన్నమాట నిజమే. అయితే విన్నంత పెద్దది కాదు. అమెరికాలో పన్ను రిటర్నులు, వాటికి సంబంధించిన సమాచారమంతా ఆదాయపన్ను చట్టం 6103వ సెక్షన్ కింద రహస్యం. ఆ సెక్షన్లోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఆమోదం పొందిన రాజీ. అది ప్రజలు పరిశీలించడానికి ఎంత అవసరమో అంత సమాచారాన్ని ఐఆర్‌ఎస్ చూపించాలి. 1976 చట్టంలో ఇది చేరింది. అంతకుముందు అధ్యక్షుడి ఉత్తర్వుల మీద నడిచేది. లక్ష బాకీ ఉన్నవాడికి ప్రభుత్వం పదివేలతో సరిపెట్టిందంటే, అది న్యాయంగా జరిగిందా, పలుకుబడితో జరిగిందా అని తెలుసుకునే హక్కు మిగతా పన్ను కట్టేవాళ్ళకు ఉండాలన్నది దీని వెనక ఉద్దేశం. మంచి ఉద్దేశమే. మీలాంటి కుటుంబానికి అది భయంగా మారడం మాత్రం బాధాకరం.

ఆ ‘ఫైలు’ అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. రాజీ ఆమోదించినప్పుడు ఐఆర్‌ఎస్ అధికారి ఫారం 7249 అనే ఆమోద నివేదిక రాస్తారు. జనం చూడగలిగేది దాని ప్రతి మాత్రమే, అదీ ఆమోదించిన తేదీ నుంచి ఒక సంవత్సరం పాటు. అందులో పేరు, ఏ పన్ను, ఏ కాలానికి, బాకీ ఎంత, ఎంతకు రాజీ, ఏ షరతుల మీద, ఏ కారణంతో అన్నవి ఉంటాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు కనబడదు. మీ ఆస్తులూ ఆదాయమూ రాసి పంపే ఫారం 433-ఏ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం రసీదులు, డాక్టరు ఉత్తరాలు, అద్దె ఒప్పందం, అప్పుల చిట్టా, ఇవేవీ ఆ ఫైల్లోకి రావు. అవి 6103 కింద రహస్యంగానే ఉంటాయి. సమాచార హక్కు చట్టం లాంటిది అమెరికాలో కూడా ఉంది గానీ, దాని కింద ఇంకొకరి పన్ను కాగితాలు అడిగితే ఇవ్వరు.

ఐఆర్‌ఎస్ వీటిని ఇంటర్నెట్లో పెట్టదు, పేరు కొట్టి వెతుక్కునే జాబితా కూడా ఇవ్వదు. చూడాలనుకున్నవాళ్ళు ఫారం 15086 నింపి పంపి తెప్పించుకోవాలి. పార్టీలో చెప్పినంత మాత్రాన ఊరంతా చూసేది కాదు. కానీ పనిగట్టుకున్నవాళ్ళు తెప్పించుకోగలరు, దాన్ని ఆపే హక్కు మీకు లేదు. ఆమోదం పొందిన రాజీలో పేరు దాచమని అడగడానికి ఫారం గానీ పద్ధతి గానీ లేవు. ఏడాది తర్వాత ఐఆర్‌ఎస్ చూపించడం ఆపేస్తుంది. ఆ లోపల ఎవరైనా ప్రతి తీసుకుని ఉంటే అది వాళ్ళ దగ్గర ఉండిపోతుంది, వెనక్కి ఇమ్మనలేరు. ఇంకో సంగతి: తిరస్కరించినవి, మీరే వెనక్కి తీసుకున్నవి, అసంపూర్తి అని తిప్పిపంపినవి ఆ ఫైల్లోకి అసలు రావు. అంటే దరఖాస్తు పెట్టినందుకే పేరు బయటపడదు. ఆమోదం వస్తేనే.

మీ పేరు విషయంలో ఒక చిక్కు ఉంది. జీతాల పన్ను బాకీ ఆయన ఒక్కరిది, రిటర్నుల బాకీ ఇద్దరిదీ. ఇలాంటప్పుడు రాజీ దరఖాస్తు ఫారం 656 ఒక్కటే సరిపోదు. ఆయన తన ఫారంలో రెండు రకాల బాకీలూ రాయాలి, మీరు మీ ఫారంలో ఉమ్మడి రిటర్నుల బాకీ మాత్రమే రాయాలి. ప్రతి ఫారంకూ 205 డాలర్ల రుసుం, విడిగా తొలి చెల్లింపు. మీ ఆదాయం పేదరిక ప్రమాణానికి రెండున్నర రెట్లలోపు ఉంటే ఈ రుసుమూ తొలి చెల్లింపూ మాఫీ అవుతాయి. మీ ఇద్దరి జీతాలు చూసి ఇది తప్పకుండా సరిచూసుకోండి. రెండు ఫారాలూ ఆమోదం పొందితే నివేదికలు కూడా రెండు ఉంటాయి. మీ పేరు మీద ఉన్నదాంట్లో రెస్టారెంటు జీతాల పన్ను కనబడదు. పేరు బయటికి రాకూడదని మీరు ఫారం వేయకుండా ఆయన ఒక్కరే వేస్తే, ఉమ్మడి బాకీ మీ మీద అలాగే ఉండిపోతుంది. అది చాలా ఖరీదైన గుట్టు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది పొలం సంగతి. దయచేసి దీన్ని నెమ్మదిగా చదవండి.

రాజీ మొత్తం ఎంత ఉండాలన్నది బేరం మీద తేలేది కాదు, లెక్క మీద తేలుతుంది. మీ ఆస్తుల్ని తొందరగా అమ్మితే వచ్చే విలువ, మామూలుగా మార్కెట్ ధరలో 80 శాతం, అందులోంచి ఆ ఆస్తి మీద ఉన్న అప్పు తీసేస్తారు. దానికి నెలకు మిగిలే ఆదాయాన్ని కలుపుతారు: అయిదు నెలల్లోపు కట్టేస్తామంటే 12తో గుణించి, అంతకన్నా ఎక్కువ సమయం కావాలంటే 24తో గుణించి. మీరు రాసిన అంకెల ప్రకారం కారు, బ్యాంకులో ఉన్నది కలిపి 6 వేలు, నెలకు మిగిలేది 600. ఆరు వందల్ని పన్నెండుతో గుణిస్తే 7,200. కలిపితే 13,200. మీ ప్రిపేరర్ చెప్పిన 13,500 ఇక్కడి నుంచి వచ్చింది. పొలం వాటా 40 వేలలో 80 శాతం 32 వేలు. అది కలిపితే 45,200. రెండు అంకెలకూ తేడా 32 వేలు, ఆ తేడా అంతా దాచిన ఆస్తే.

433-ఏ మీద సంతకం అబద్ధ సాక్ష్యం శిక్షకు లోబడి చేసే సంతకం. అమెరికా బయట ఉన్న ఆస్తులు కూడా అందులో రాయాల్సిందే. 7206వ సెక్షన్లో రాజీ సందర్భంగా ఉద్దేశపూర్వకంగా ఆస్తి దాచడం ప్రత్యేకంగా ఒక నేరం: మూడేళ్ళ వరకూ జైలు, లక్ష డాలర్ల వరకూ జరిమానా. కేసు దాకా వెళ్ళకపోయినా, ఆస్తి దాచారని తేలితే ఆమోదించిన రాజీని ఐఆర్‌ఎస్ తిరగదోడగలదు. అప్పుడు లక్షా 38 వేలు, పైన వడ్డీ, మళ్ళీ మీ ముందుకు వస్తాయి. కట్టిన 13,500 అందులో జమ అవుతుంది, అంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఇలాంటి నేరం రుజువైతే సంగతి పౌరసత్వంతో ఆగదు, ఇక్కడ ఉండే హక్కుకే ముప్పు వస్తుంది.

“రాయకపోతే ఎవరికీ తెలీదు” అన్న మాట కూడా నిజం కాదు. ఆంధ్రప్రదేశ్ భూముల రికార్డులు మీభూమి పోర్టల్లో ఎవరైనా చూడవచ్చు. మీ పాత భాగస్వామికి ఆ పొలం సంగతి తెలిసే ఉంటుంది, కలిసి వ్యాపారం చేసినవాళ్ళు ఇలాంటివి మాట్లాడుకోకుండా ఉండరు. అతను ఫారం 15086 పంపించి మీ నివేదిక తెప్పించాడనుకోండి. పొలం చూపించి 45 వేలకు చేసుకున్న రాజీ అయితే అతను చేయగలిగింది ఆ కాగితాన్ని ఇంకొకరికి చూపించడం, అంతే. నాలుగు రోజులు నామోషీగా ఉంటుంది. పొలం దాచి 13,500కు చేసుకున్నదైతే ఆ అంకె చూడగానే అతనికి విషయం అర్థమవుతుంది. ఐఆర్‌ఎస్‌కు ఫిర్యాదు పంపడానికి ఫారం 3949-ఏ ఒక్కటి చాలు. ప్రజలు చూడాలని చట్టం పెట్టిన కిటికీ ఇలాంటివి పట్టుబడాలనే పెట్టింది. నిజం రాసినవాళ్ళకు ఆ కిటికీ వల్ల మొహమాటం తప్ప ప్రమాదం లేదు. అబద్ధం రాసినవాళ్ళకు ఏడాది పొడుగునా ప్రమాదమే.

ఇక మీరు అసలు భయపడుతున్నది, పొలం సంగతి రాస్తే జనానికి తెలుస్తుందేమోనని. తెలియదు. 433-ఏలో రాసిన ఆస్తుల జాబితా ఆ ఫైల్లోకి రాదు.

పొలం చూపించినంత మాత్రాన 32 వేలూ కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. పంపకాలు కాని ఉమ్మడి ఆస్తిలో మూడో వంతు వాటాను బయటివాళ్ళెవరూ పూర్తి ధరకు కొనరు. ఇది అధికారికి అర్థమయ్యేలా చూపించాలి. ఈసీ (ఆస్తి మీద లావాదేవీల ధ్రువపత్రం), పట్టాదారు పాసు పుస్తకం నకలు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం మార్కెట్ విలువ పత్రం, స్థానిక లైసెన్సుడ్ వాల్యుయర్ రాసిచ్చిన విలువ, మామగారి వారసుల ధ్రువపత్రం, వీటికి ఇంగ్లీషు అనువాదాలు జత చేయండి. కోర్టు వివాదం గానీ కౌలు గానీ ఉంటే ఆ కాగితాలు కూడా. వాల్యుయర్ నివేదికలో ‘పంపకం కాని వాటా’ అని, దానివల్ల ధర ఎంత తగ్గుతుందో విడిగా రాయించండి. 80 బదులు 65, 70 శాతం దగ్గర ఒప్పుకోవడం అసాధ్యమేం కాదు, కానీ కాగితం లేకుండా నోటిమాట మీద ఒప్పుకోరు.

డబ్బు ఎలా సమకూరుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఆయన అన్నదమ్ములే వాటా కొనుక్కుని, ఆయన హక్కు విడుదల పత్రం రాసిస్తే అన్నిటికన్నా తేలిక. సాగుభూమి కాబట్టి భారతదేశంలో ఉండే పౌరులకే అమ్మాలి. మీ వారు ప్రవాసి కాబట్టి, ఆ అమ్మకానికి పన్ను వర్తిస్తే కొనేవాళ్ళు మూలంలోనే పట్టుకోవాలి, తర్వాత డబ్బు ప్రవాసులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి సీఏ ధ్రువపత్రంతో అమెరికాకు పంపుకోవాలి. దీనికి నెలలు పడుతుంది. అందుకే వరుస ముఖ్యం: ఒకేసారి కట్టే రాజీలో దరఖాస్తుతో పాటు 20 శాతం పంపాలి, అంటే 45 వేలకు 9 వేల పైచిలుకు. మిగతాది ఆమోదం వచ్చాక అయిదు నెలల్లోపు. అన్నయ్య ఇచ్చే 15 వేలు మొదటి 20 శాతానికి సరిపోతుంది. రాజీ ఒప్పుకోకపోయినా ఆ 20 శాతం తిరిగి ఇవ్వరు, బాకీలో జమ చేసుకుంటారు. ఇది ముందే అన్నయ్యకు చెప్పి అప్పు తీసుకోండి. భారతదేశంలోని బ్యాంకు ఖాతాలన్నిటిలో కలిపి ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటిన సంవత్సరాలు ఉండి, ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయకపోయి ఉంటే, 433-ఏ పంపకముందే న్యాయవాదితో మాట్లాడండి. సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంటుతో) కాదు, పన్ను న్యాయవాదితో. క్రిమినల్ విషయం వస్తే న్యాయవాదితో చెప్పుకున్న మాటకు ఉన్న రక్షణ సీపీఏ దగ్గర ఉండదు.

ఇక ఆయన ఆపరేషన్. మామూలు ‘వసూలు కావడం అనుమానమే’ అన్న కారణం మీద రాజీ ఆమోదం పొందితే, ఆరోగ్యం ప్రస్తావన నివేదికలో రావాల్సిన పనిలేదు. మందుల ఖర్చు నెలవారీ లెక్కలో వస్తుంది, అది రహస్య పత్రాల్లో ఉంటుంది. పొలం విలువ పూర్తిగా కట్టలేం, ఆయన ఇంక ఎక్కువ పని చేయలేరు, కాబట్టి లెక్క కన్నా తక్కువకు ఒప్పుకోండి అని ‘ప్రత్యేక పరిస్థితుల’ కింద అడిగితే వేరు. అప్పుడు కారణం కాలమ్‌లో ఆ విషయం ఏదో ఒక రూపంలో కనబడే అవకాశం ఉంది. డబ్బు తగ్గడానికీ గుట్టుకూ మధ్య ఇది నిజమైన ఎంపిక, మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ప్రత్యేక పరిస్థితులు అడిగితే రోగం వివరాలు డాక్టరు ఉత్తరంలోనే ఉంచండి. ఫారం 656లో ‘ఆరోగ్య కారణాలు, అనుబంధం చూడండి’ అని మాత్రం రాయండి. ఆమోద నివేదికలో వైద్య వివరాలు రాయవద్దని అధికారికి రాతపూర్వకంగా విన్నవించండి. ఒప్పుకోవాలన్న నియమం లేదు, అడగడంలో నష్టమూ లేదు.

మీ అన్నయ్యగారి సలహా ప్రేమతో ఇచ్చిందే. నెలవారీ వాయిదాల ఒప్పందం 6103 కింద రహస్యం, అది ఏ ఫైల్లోకీ రాదు, నిజమే. కానీ గుట్టు మాత్రం అక్కడ లేదు. లీను ఇప్పటికే కౌంటీలో ఉంది. అందులో మీ వారి పేరు, చిరునామా, ఏ పన్ను, ఎంత అన్నవి ఉంటాయి. పేరుతో వెతికి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాజీ ఫైలు ఒక సంవత్సరమే. లీను బాకీ తీరేదాకా, లేదా వసూలు గడువు ముగిసేదాకా ఉంటుంది. ఆ గడువు మామూలుగా పన్ను నిర్ధారించిన నాటి నుంచి పదేళ్ళు. లక్షా 38 వేలను ఆరేళ్ళలో కట్టాలంటే వడ్డీ కాక నెలకు 1,900 డాలర్ల పైన. మీకు మిగిలేది 600. అంత కట్టలేమంటే పాక్షిక వాయిదాల ఒప్పందం ఉంటుంది. దానికీ 433 తరహా ఫారమే, పొలం దాంట్లోనూ రాయాల్సిందే, రెండేళ్ళకోసారి మళ్ళీ లెక్కలు అడుగుతారు. ‘ఇప్పుడు వసూలు చేయలేం’ అన్న హోదా తీసుకుంటే నెలనెలా కట్టక్కర్లేదు గానీ లీనూ వడ్డీ కదలవు. అమ్మాయి పెళ్ళి, ఆపైన మీ ఇల్లు కొనుక్కోవడం, అన్నిటి మీదా ఆ లీను నీడ పడుతూనే ఉంటుంది. గుట్టు కోసం ఈ దారి పట్టేవాళ్ళు ఒక సంవత్సరం చాటు కాగితం తప్పించుకుని పదేళ్ళ బహిరంగ కాగితాన్ని ఉంచుకుంటున్నారు.

రాజీలో షరతుల ప్రకారం మొత్తం కట్టాక ఐఆర్‌ఎస్ లీను విడుదల చేస్తుంది. విడుదల అంటే పాత నమోదు చెరిగిపోదు, ‘తీరిపోయింది’ అన్న ఇంకో కాగితం పక్కన చేరుతుంది. ఆ తర్వాత ఫారం 12277తో ఉపసంహరణ అడగవచ్చు. గత మూడేళ్ళ రిటర్నులు సక్రమంగా ఉండాలి, ఒప్పుకోవడం వాళ్ళ విచక్షణ. ఒప్పుకుంటే నోటీసు అసలు వేయనట్టుగా పరిగణిస్తారు, మీరు పేర్కొన్న అప్పు సంస్థలకు తెలియజేయమని కూడా కోరవచ్చు. క్రెడిట్ రిపోర్టు గురించి దిగులుపడకండి: మూడు పెద్ద క్రెడిట్ సంస్థలూ 2018 ఏప్రిల్‌కల్లా పన్ను లీన్లను రిపోర్టుల నుంచి తీసేశాయి.

దివాలా గురించి మీరు అడగలేదు, ఎవరైనా చెప్పినా తొందరపడకండి. పనివాళ్ళ జీతాల్లోంచి పట్టుకున్న పన్ను దివాలాలో రద్దు కాదు, పైగా కోర్టు రికార్డు మొత్తం జనానికి తెరిచే ఉంటుంది. జరిమానాల మాఫీ మాత్రం తప్పకుండా చూడండి. ఆయన ఆస్పత్రిలో ఉన్న కాలానికి సంబంధించిన జరిమానాలకు ఫారం 843తో సహేతుక కారణం చూపించి మాఫీ అడగవచ్చు. అది పూర్తిగా రహస్యం. అయితే జీతాల పన్ను కింద ఆయన మీద పడ్డ ప్రధాన బాకీ దీంతో పోదు.

రాష్ట్రానికి ఉన్న 9 వేలు వేరే సంగతి. ఐఆర్‌ఎస్ రాజీ కాలిఫోర్నియాను కట్టిపడేయదు, రాష్ట్ర ఆదాయపన్ను చూసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డుకు ఎఫ్‌టీబీ 4905 పీఐటీ అనే తమ ఫారం మీద విడిగా పెట్టుకోవాలి. అక్కడా 500 డాలర్లు మించిన రాజీకి కనీసం ఒక సంవత్సరం పాటు ప్రజలు చూడగల రికార్డు ఉంటుంది: పేరు, బాకీ, ఇవ్వజూపిన మొత్తం, ఎందుకు ఒప్పుకున్నారో క్లుప్తంగా. కానీ ఆ రికార్డుల నుంచి జాబితాలు తయారు చేయకూడదని, ప్రకటనలు ఇవ్వకూడదని అదే చట్టం బోర్డును కట్టడి చేసింది. 9 వేలే కాబట్టి, రాష్ట్రం బాకీని వాయిదాల్లో కట్టేయడం మీకు వీలైతే అక్కడ రాజీ అవసరమే రాదు.

పౌరసత్వం దరఖాస్తు ఎన్-400లో గడువు దాటిన పన్ను బాకీ ఉందా అని అడుగుతారు. రాజీ కుదిరి, మొత్తం కట్టేశాక, ఆమోద ఉత్తరమూ ఐఆర్‌ఎస్ ఖాతా ట్రాన్‌స్క్రిప్టూ తీసుకుని వెళ్ళడం మేలు. ట్రాన్‌స్క్రిప్టులో 780 అన్న కోడ్ రాజీ ఆమోదాన్ని సూచిస్తుంది, 480 పెండింగును. జీతాల పన్ను చరిత్ర ఉంది కాబట్టి వలస న్యాయవాదికి చూపించాకే దరఖాస్తు పెట్టండి. ఆమోదం తర్వాత అయిదేళ్ళు రిటర్నులు సమయానికి వేసి, పన్ను పూర్తిగా కట్టాలి. ఒక్క ఏడాది తప్పినా రాజీ రద్దయి పాత బాకీ తిరిగి రావచ్చు. అందుకే మీ ఇద్దరి జీతాల్లో పట్టే పన్ను సరిపోతుందా లేదా అని ఏటా జనవరిలోనే చూసుకోండి.

మీ గుట్టు బయటపడే దారి ఐఆర్‌ఎస్ ఫైలు కన్నా మీ ప్రిపేరరే ఎక్కువ అనిపిస్తోంది. ఆయనకు ఇప్పటికే అన్నీ తెలుసు, మీరు తిరిగే మనుషులే ఆయనకూ తెలుసు. ఖాతాదారు పన్ను సమాచారాన్ని అనుమతి లేకుండా బయటపెట్టిన ప్రిపేరరుకు 7216వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు ఉంది. ఐఆర్‌ఎస్ ఉద్యోగి లీక్ చేస్తే శిక్ష ఇంకా పెద్దది, 7431 కింద మీరు నష్టపరిహారానికి దావా వేయవచ్చు. కానీ పార్టీలో జారిన మాటను ఏ సెక్షనూ వెనక్కి తేలేదు. పైగా ఆస్తి దాచమని సలహా ఇచ్చిన మనిషి చేతిలో ఈ పని ఉంచకూడదు. మీ పరిచయస్తుల చుట్టుపక్కల తిరగని పన్ను న్యాయవాదినో, ఎన్‌రోల్డ్ ఏజెంటునో (ఐఆర్‌ఎస్ గుర్తింపు పొందిన పన్ను ప్రతినిధి) పెట్టుకుని కొత్తగా అధికార పత్రం ఫారం 2848 రాసివ్వండి, పాత ప్రిపేరర్ అధికార పత్రం రద్దు చేయండి, మీ కాగితాలు వెనక్కి తీసుకోండి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు సాయపడే ట్యాక్స్‌పేయర్ క్లినిక్కులు ఉన్నాయి. వాటి ఆదాయ, బాకీ పరిమితులకు మీరు సరిపోతారేమో ఒక ఫోను చేసి కనుక్కోండి. ఐఆర్‌ఎస్ ఉత్తరాలు ఇంటి పోస్టుపెట్టెలో పడటం ఇబ్బందయితే పోస్టాఫీసు బాక్సు చిరునామా ఇవ్వవచ్చు, ఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో కూడా చాలా నోటీసులు కనబడతాయి.

అమ్మాయి సంబంధం విషయంలో ఒకటే చెబుతాను. అవతలివాళ్ళు అడిగినా అడగకపోయినా, మాట స్థిరపడే ముందు “వ్యాపారంలో నష్టపోయాం, ప్రభుత్వంతో రాజీ నడుస్తోంది, ఆ బాకీ అమ్మాయిది కాదు” అని మీ నోటితోనే చెప్పండి. వాళ్ళు వెనక్కి తగ్గితే ఇప్పుడే తెలుస్తుంది. చెప్పకుండా ఉంటే ఆ సంవత్సరమంతా పాత భాగస్వామి చేతిలో ఉంటారు. చెప్పడమా మానడమా అన్నది మీ ఇంటి నిర్ణయం.

రాజీ దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం ఐఆర్‌ఎస్ సాధారణంగా జీతాలు, ఖాతాలు జప్తు చేయదు. అయితే పదేళ్ళ వసూలు గడువు ఆ మేరకు ఆగుతుంది, వడ్డీ మాత్రం ఆగదు. 24 నెలల్లో తేల్చకపోతే ఒప్పుకున్నట్టే. పొలం విలువ దగ్గర తేడా వచ్చి తిరస్కరిస్తే, ఉత్తరం తేదీ నుంచి 30 రోజుల్లో ఫారం 13711తో అప్పీలు చేసుకోవాలి. ఆ ముప్పై రోజులూ ఉత్తరం మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, దాని మీద ముద్రించిన తేదీ నుంచే లెక్క.